మైపాడు రోడ్డు, ముందు బ్రేకు

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు అన్న హోదా మా నియామకపు ఉత్తర్వుల్లో మాత్రమే ఉండేది. నెల్లూరు జిల్లాలో జనం నోట మేము బ్రేకు ఇన్‌స్పెక్టర్లం. ఆ పేరు పెట్టినవాడెవరో తెలియదు గానీ, మా పని ఏమిటో మా పై అధికారుల కంటే అతనికి స్పష్టంగా తెలుసు. విడ్డూరమేమిటంటే, మమ్మల్ని అంత సరైన పేరుతో పిలిచిన జనమే బ్రేకును నమ్మేవారు కాదు. హారన్‌ను నమ్మేవారు. హ్యాండిలుకు కట్టిన నిమ్మకాయను నమ్మేవారు. ఎదుటివాడు ఎలాగూ పక్కకు తప్పుకుంటాడని నమ్మేవారు.

యాభయ్యో దశకం చివర్లో ఆ జిల్లాలో చేరి, అరవయ్యో దశకంలో ఎక్కువ భాగం అక్కడే పనిచేశాను. ఇప్పుడు ఈ ఉద్యోగంలో చేరుతున్న యువకులు నన్ను అడిగేవి బదిలీల సంగతి, సీనియారిటీ సంగతి. వాటి గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను మోటారు సైకిలు ఆపడం గురించి రాస్తాను. నడపడం అందరూ నేర్చుకుంటారు. ఆపడం నేర్చుకున్నవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టగలను.

సున్నపు గీతల పరీక్ష

ఆ రోజుల్లో మోటారు సైకిలు లైసెన్సుకు పరీక్ష అంటే నేలమీద సున్నంతో వేసిన ఎనిమిది అంకె. దాని మీద కాలు కింద పెట్టకుండా తిరగాలి. తర్వాత చెయ్యి చాపి కుడికో ఎడమకో సైగ చేసి చూపాలి. అంతే. నడిచే మనిషి వేగంతో తిరిగినవాడు ముప్ఫై మైళ్ళ వేగంతో రోడ్డెక్కవచ్చునని ప్రభుత్వం నిర్ధారించేది.

నేను మద్రాసులో ఆటోమొబైలు ఇంజనీరింగు డిప్లొమా చదివి వచ్చినవాణ్ణి. వేగం రెట్టింపయితే ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుందన్న లెక్క నా బుర్రలోంచి పోయేది కాదు. అందుకని పెన్న ఒడ్డున ఉన్న మా పరీక్షా స్థలంలో ఎనిమిది అయిపోయాక ఇంకొకటి చేర్చాను. అభ్యర్థి తిన్నని దారిమీద వేగంగా రావాలి. నేను చేతిరుమాలు కింద పడేయగానే బండి ఆపాలి.

ఆ పరీక్షలో నేను చూసినవి చెబితే ఇప్పటివారు నమ్మరు. అత్యధికులు రెండు కాళ్ళూ నేలకానించి చెప్పులు రాసుకుంటూ వచ్చేవారు. కొందరు హారన్ మోగించేవారు, రుమాలు భయపడి లేస్తుందన్నట్టు. ఒక భూస్వామిగారబ్బాయి నన్నే తప్పుకోమని అరుస్తూ నా పక్కనుంచి వెళ్ళిపోయి, ఇసుకలో దిగబడి, బండి దానంతటదే ఆగిందని సంతోషించాడు. కుడి చేతి కింద ఉన్న ముందు బ్రేకును మాత్రం ఒక్కరూ తాకేవారు కాదు. తాకినా ప్రయోజనం ఉండేది కాదు. సగం బండ్లకు ఆ బ్రేకు తీగ ఊడదీసి ఉండేది.

రమణయ్య మేస్త్రీ దయ

ఊడదీసేవాడు రమణయ్య మేస్త్రీ. ట్రంకు రోడ్డు పక్కన తాటాకు పాకలో అతని షెడ్డు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలడు. అంత పనిమంతుడికి ఈ మూఢత్వం ఎక్కడ పట్టుకుందో నాకు అంతుబట్టేది కాదు. కొత్త బండి కొని ఎవరైనా మొదటిసారి అతని దగ్గరికి తెస్తే, అడగకుండానే ముందు చక్రం దగ్గర తీగ విప్పి, చుట్టచుట్టి, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు కట్టేసేవాడు. దీనికి కూలి కూడా తీసుకునేవాడు కాదు. ధర్మకార్యంగా చేసేవాడు.

ఒకసారి నిలదీశాను.

"ముందు బ్రేకు పట్టినోడు పల్టీ కొట్టక ఏమవుతాడు సార్," అన్నాడు. "ఎద్దుకు ముక్కుతాడు గట్టిగా గుంజితే ఏమవుద్ది? ముందుకాళ్ళ మీద కూలబడుద్ది. ఇదీ అంతే."

"మరి ఫ్యాక్టరీవాళ్ళు దాన్ని ఎందుకు పెట్టారయ్యా?"

"వాళ్ళు రోడ్లుండే దేశంలో నేర్చుకున్నోళ్ళు సార్. మన రోడ్లు వాళ్ళెప్పుడు చూసినారు?"

రెండో మాటలో కొంత నిజం ఉండటం వల్లనే నాకు ఎక్కువ కోపం వచ్చేది. ఇసుక మీద, అందులోనూ బండి ఒక పక్కకు వాలి ఉన్నప్పుడు, ముందు బ్రేకు పట్టినవాడు పడతాడు. ఎవరో ఒకరు అలా పడి ఉంటారు. ఆ ఒక్క పడటం నుంచి జిల్లా అంతా తప్పుడు సూత్రం తయారుచేసుకుంది. పొడి తారు మీద బ్రేకు వేసినప్పుడు బండి బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. అప్పుడు నేలను గట్టిగా పట్టుకునేది ముందు చక్రమే. వెనుక చక్రం తేలికబడి జారుతుంది. ముందు బ్రేకు తీసేసినవాడు తన బండిని ఆపే శక్తిలో సగానికి పైగా షెడ్డులో వదిలి వస్తున్నాడు. ఈ సంగతి సుద్దముక్కతో గీతలు గీసి, రెండు రకాలుగా ఆపి చూపించి రమణయ్యకు నిరూపించాను. ఓపిగ్గా చూశాడు. "మీరు చదువుకున్నోళ్ళు సార్, మీకు ఆగుద్ది," అన్నాడు.

పై అధికారి

నేను పరీక్షలో తప్పించిన అభ్యర్థుల్లో పలుకుబడి కలవారు ఉండటంతో మా పై అధికారి నన్ను పిలిపించాడు. మంచివాడే. జన్మలో మోటారు సైకిలు ఎక్కలేదు. కారులో వెనుక సీట్లో కూర్చుని రోడ్ల గురించి అభిప్రాయాలు ఏర్పరచుకున్నాడు.

రూలులో లేని పరీక్ష ఎందుకు పెడుతున్నావని అడిగాడు. ఆగలేనివాడు మనుషుల మీదికి పోతాడు కనుక, అన్నాను. "హారన్ ఉంది కదయ్యా," అన్నాడు. హారన్‌కు గేదె లేవదు, నూర్చిన గడ్డి లేవదు, రోడ్డులో గుంట పూడదు అని వివరించాను. ఆయన చాలాసేపు ఆలోచించి, రూలులో ఎనిమిది మాత్రమే ఉందని మళ్ళీ చెప్పాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఎనిమిది సరిగా వేసినవాణ్ణి నేను తప్పించకూడదు. కానీ ఆపడం రానివాడికి ఆపడం నేర్పి పంపిస్తే ఆయనకు అభ్యంతరం లేదు. అంటే ప్రభుత్వం చేయవలసిన పని నేను ఆదివారాలు చేసుకోవచ్చన్నమాట.

తారు రోడ్డు అనే కళ్ళం

నేర్పడానికి నేను ఎంచుకున్నది నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డు. ఒక మోటారు సైకిలువాడికి ఎదురుకాగల ఇబ్బందులన్నీ ఆ ఒక్క రోడ్డు మీద వరుసగా దొరుకుతాయి.

ఇందుకూరుపేట వరకు వరి. కోతల కాలంలో తారు మీద వడ్లు ఎండబోసి, చుట్టూ రాళ్ళు వరసగా పెడతారు. సాయంత్రానికి వడ్లు బస్తాల్లోకి ఎత్తుకుపోతారు. రాళ్ళు ఎత్తరు. రేపు మళ్ళీ కావాలి కదా అంటారు. అది దాటిన తర్వాత కాలువ గట్టు వెంట గేదెలు. ఇంకా ముందుకు పోతే సరుగుడు తోపుల మధ్య మలుపులు, ఎండాకాలం గాలికి తారు మీదికి కొట్టుకొచ్చిన సన్నటి ఇసుక. సముద్రం దగ్గరపడేసరికి రోడ్డు మీద ఎండు చేపలు, వలలు.

వలల సంగతి కొంచెం చెప్పాలి. అప్పటివి నూలు వలలు. ప్రతిరోజూ ఎండకపోతే కుళ్ళిపోతాయి. ఇసుకలో పరిస్తే కన్నుకన్నుకూ ఇసుక పట్టి, విదిలించేసరికి చేతులు పడిపోతాయి. ప్రభుత్వం నల్లగా, నున్నగా, వేడిగా ఒక తారు రోడ్డు తెచ్చి గుడిసెల ముందు వేస్తే, అది తమ వలల కోసం వేసిందేనని జాలర్ల పాలెంవాళ్ళు అనుకోవడంలో అమాయకత్వం ఉందే తప్ప దుర్బుద్ధి లేదు. వల మీదికి ఎక్కిన మోటారు సైకిలు మాత్రం ఈ తేడా పాటించదు. దారం గొలుసులో చుట్టుకుంటుంది, చక్రం బిగుస్తుంది.

ఈ రోడ్డు మీద నేను నేర్పినది ఇది. ముందుగా తిన్నని, ఖాళీగా ఉన్న, పొడి తారు చూసుకోవాలి. నెమ్మది వేగంతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాలి. బండి నిటారుగా ఉండాలి. కుడి చేతితో ముందు బ్రేకు, ఎడమ కాలితో వెనుక బ్రేకు రెండూ కలిపి వేయాలి; అప్పటి బండ్లకు వెనుక బ్రేకు ఎడమ కాలి కిందే ఉండేది. ముందు బ్రేకును గుంజకూడదు. నిమ్మపండు పిండినట్టు, క్రమంగా బలం పెంచుతూ పిండాలి. చక్రం జారినట్టు తెలిస్తే వెంటనే కొంచెం వదిలి మళ్ళీ పట్టాలి. ఇసుక కనిపిస్తే ఇసుకకు ముందే వేగం తగ్గించుకుని, ఇసుక మీద బ్రేకు ముట్టకుండా నిటారుగా దాటాలి. రాయి కనిపిస్తే రాయిని చూడకూడదు, రాయి పక్కనున్న దారిని చూడాలి. చూపు ఎటుపోతే బండి అటే పోతుంది. రాళ్ళకు గుద్దుకున్నవారందరూ రాయిని బాగా చూసినవారే.

ఇందులో కష్టమైనదేదీ లేదు. చేతికి అలవాటయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చేయాలి, అంతే. భయం వేసిన క్షణంలో బుద్ధి పనిచేయదు, అలవాటు పనిచేస్తుంది.

డాక్టరు నరసింహం

నా దగ్గర శ్రద్ధగా నేర్చుకున్నవాడు డాక్టరు నరసింహం. కావలివాడు, వయసులో చిన్నవాడు, ఇందుకూరుపేటకు ఆవల ఒక ఊళ్ళో ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చాడు. అంతకుముందున్న డాక్టరు బస్సు మీద వారానికొకసారి తీరపు ఊళ్ళకు వెళ్ళి, అదే బస్సు తిరిగి వచ్చేటప్పుడు ఎక్కి వచ్చేవాడు. నరసింహం సెకండు హ్యాండు మోటారు సైకిలు కొని, పిలిచిన రోజు పిలిచిన పాలేనికి వెళ్ళేవాడు. జ్వరం బస్సు వచ్చేదాకా ఆగనక్కర్లేదన్న సంగతి ఆ ఊళ్ళకు అప్పుడే తెలిసింది.

మొదట ఆయన కూడా చెప్పులతో ఆపినవాడే. కొన్ని ఆదివారాలు నేర్పాను. ఒకసారి ఇసుక మీద నా మాట మరిచి ముందు బ్రేకు పట్టి పడ్డాడు, మోకాలు చెక్కుకుపోయింది. ఆ తర్వాత మళ్ళీ ఆ తప్పు చేయలేదు. చివరికి నేను రుమాలు వదిలితే రుమాలు నేలను తాకేసరికి ఆయన చెయ్యీ కాలూ పని మొదలుపెట్టేవి. ఒక్కడికైనా నేర్పగలిగానని తృప్తిపడ్డాను.

ఆయుధపూజకు ముందు డాక్టరు బండిని రమణయ్య షెడ్డుకు పంపాడు. రమణయ్య శుభ్రంగా కడిగి, నూనె వేసి, ఆ మోకాలి సంగతి విని జాలిపడి, ముందు బ్రేకు తీగ విప్పి కట్టేశాడు. చెబితే డాక్టరు ఒప్పుకోడని తెలిసి చెప్పలేదు. పండగనాడు ఆసుపత్రిలో బండికి పసుపు కుంకుమ పెట్టి, హ్యాండిలుకు, ముందు బ్రేకు పిడితో సహా, బంతిపూల దండ చుట్టారు. పూజ ముగిసిందో లేదో మైపాడు వైపు నుంచి ఒక బాలింతకు జ్వరమని కబురు వచ్చింది. బయలుదేరే ముందు రెండు బ్రేకులూ పట్టి చూడమని నేను చెప్పిన మాట డాక్టరుకు గుర్తుంది. కానీ పూజలో ఉన్న పూలు నలపడమెందుకని చూడలేదు. ఇది ఆయన నాతో స్వయంగా చెప్పాడు.

సరుగుడు తోపు మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా వల. మధ్యలో అంకమ్మ అనే ఆమె వంగి వలను తిరగేస్తోంది. డాక్టరు చెయ్యీ కాలూ నేర్పిన పని నేర్పినట్టే చేశాయి. కానీ పూల కింద బ్రేకు పిడి హ్యాండిలుదాకా ఒట్టిగా వచ్చేసింది. వెనుక చక్రం ఒక్కటే బిగుసుకుని, జారి, బండి అడ్డం తిరిగి వల మీద పడింది. అంకమ్మ కాలి ఎముక విరిగింది. డాక్టరుకు భుజం దగ్గర ఎముక విరిగింది. ఆయన అక్కడే కూర్చుని, తాటి మట్టలు తెప్పించి, ఒంటిచేత్తో చూపిస్తూ పాలెంవాళ్ళ చేత ఆమె కాలికి కట్టు కట్టించాడు. తర్వాత ఎడ్లబండి ఎక్కి మైపాడు వెళ్ళి బాలింతను చూసి వచ్చాడు.

ప్రమాదం జరిగిన బండిని పరిశీలించి, లోపం యంత్రానిదా మనిషిదా అని ధ్రువపత్రం ఇవ్వడం మా ఉద్యోగంలో భాగం. తీగ చుట్టచుట్టి కట్టిన తీరు చూడగానే ఎవరి చేతి పనో తెలిసింది. రమణయ్య దాచలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. "ఆ తీగ ఉండుంటే డాక్టరుగారు ఇంకా పెద్ద దెబ్బ తగిలించుకునుండేవారు సార్," అన్నాడు. నేను ధ్రువపత్రం రాయడానికి కూర్చున్నాను. ముందు బ్రేకు మనిషి చేత తొలగించబడినదనీ, బయలుదేరే ముందు పరీక్షించలేదనీ, రోడ్డు పూర్తిగా మూసి ఉందనీ మూడూ రాశాను. ఒకే కారణం రాయమని సబ్ ఇన్‌స్పెక్టరు బతిమాలాడు. కారణాలు మూడుంటే మూడే రాస్తానన్నాను. అంకమ్మ మొగుడు ఫిర్యాదు ఇవ్వనన్నాడు. కేసు అక్కడితో ఆగింది.

ఆగనిది మాట. కొద్ది రోజులకే డాక్టరుగారి కాంపౌండరు మా ఆఫీసుకు ఏదో పనిమీద వచ్చి, "ముందు బ్రేకు పట్టబట్టే గదా సార్ పడినారు. వద్దని రమణయ్య ముందే చెప్పినాడంట," అన్నాడు. డాక్టరు భుజానికి కట్టు కట్టినవాడే ఈ మాట అన్నాడు. లేని బ్రేకు డాక్టరును పడేసిందని తీరమంతా చెప్పుకున్నారు. అంతవరకు తీగ ఉంచుకున్నవాళ్ళు కూడా రమణయ్య షెడ్డు ముందు వరసలో నిలబడి విప్పించుకున్నారు.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టింది వేరే. భుజం కుదురుకున్న తర్వాత కూడా డాక్టరు బండి ఎక్కలేదు. కావలిలో బండి అవసరం లేని ఆసుపత్రికి మారిపోతానన్నాడు. ఆయన పోతే తీరపు ఊళ్ళు మళ్ళీ బస్సు డాక్టరు చేతిలో పడతాయి. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"మీరు నేర్పిందే చేశాను, ఇన్‌స్పెక్టరు గారూ. చేస్తే ఒక మనిషి కాలు విరిగింది. ఇప్పుడు నా చేతిని నేనే నమ్మలేను," అన్నాడు.

ఉపదేశంతో పోయే భయం కాదు అది. తీగను నా ఎదుట రమణయ్య చేతే బిగింపించి, పిడి పట్టి చూపించి, బండిని అతనితోనే ఆ పాలేనికి పంపాను. డాక్టరును, అంకమ్మ కట్టు చూడాలన్న వంకతో, బస్సులో తీసుకెళ్ళాను. ఆ మలుపు దగ్గరే ఆయన ఆపి చూడాలని నా ఉద్దేశం.

గంటసేపు వల తీయమని ఊరి పెద్దను అడిగాను. ఆయన ఆకాశం వైపు చూశాడు. "తీస్తాం సామీ. ఎండను గూడా ఆ గంట ఆపి పెట్టమని మీ గవర్నమెంటుకు చెప్పు," అన్నాడు.

వల అలాగే ఉంది. రోడ్డుకు రెండు పక్కలా జనం చేరారు. అంకమ్మను నులక మంచంతో సహా మోసుకొచ్చి ముందు వరసలో పెట్టారు. డాక్టరు చాలాసేపు బండి పక్కనే నిలబడ్డాడు. తర్వాత రెండు బ్రేకులూ పట్టి చూసి, ఎక్కాడు.

మొదటిసారి మరీ నెమ్మదిగా వచ్చి, వలకు చాలా దూరంలోనే ఆగిపోయాడు. అంకమ్మ నవ్వింది. "ఆ నడకకు మా గుడ్డి ఎద్దు గూడా ఆగుద్ది గదా డాక్టరయ్యా. ఆ పొద్దు వచ్చినట్టు రా."

డాక్టరు ముఖం ఎర్రబడింది. బండి తిప్పుకుని మలుపు అవతలికి పోయాడు. మేము ఇంజను చప్పుడు మాత్రమే విన్నాం. ఈసారి మలుపు దాటి, నిటారుగా, నిజమైన వేగంతో వచ్చాడు. ముందు ఫోర్కు కిందికి దిగింది. టైరు ఒక్కసారి కూడా కూయలేదు. బండి గీత గీసినట్టు వచ్చి, వలకు నాలుగైదు గజాల ఇవతల నిలిచింది, ఫోర్కు మెల్లగా పైకి లేచింది. రమణయ్య అటూ ఇటూ చూసి, ముందు చక్రం దగ్గర కూర్చుని, తీగను వేలితో తాకి చూశాడు.

"ఇంతేనా?" అంది అంకమ్మ. "ఇదేదో పండగనాడే చేసుంటే నా కాలు నాకుండు గదా సామీ."

డాక్టరు బండి దిగి, ఆమె మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కట్టు ముడి విప్పి వదులు చేసి మళ్ళీ కట్టాడు. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సు కోసం ఆగలేదు. కావలి మాట ఆ తర్వాత ఆయన నోట నేను వినలేదు.

నేను బస్సు కోసం అక్కడే నిలబడ్డాను. ఆయన బండి ఆపి మిగిల్చిన ఆ నాలుగైదు గజాల ఖాళీ తారు మీద, అంకమ్మ మొగుడు ఇంకో వల తెచ్చి పరిచాడు.